ఎల్లకడ నిలిచిన రాచకొండ

ఇబ్రహీంపట్టణమునుండి మంచాల మీదుగా తూర్పునకు పోవుకొలది మాగాణి సన్నగిల్లి, రాతిగుట్టలును ముండ్లపొదలును పైకొనును. ఈ మెట్టసీమలో మొన్న మేము రాచకొండ దుర్గమును చూచి వచ్చితిమి. సున్నము లేకయే పేర్చిన మహాశిలల గోడలు నేటికిని చెక్కు చెదరక యున్నచోట్లు కలవు. లోపల మాత్రము గుప్తనిధులకై దురాశాపరులు త్రవ్విన గుంతలు మా కంటబడినవి.

ఈ కోట కథ మనకు పాఠము వంటిది. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప దానిని మరల గైకొన్న కాపయ నాయకుడు, బహమనీ సుల్తానుతో పోరి యలసి గోలకొండను విడువగా, 1363 ప్రాంతమున గోలకొండయే యెల్లగా నేర్పడెను. ఆ యెల్లకు తూర్పున నున్న రాచకొండ సరిహద్దు కోట యయ్యెను. తెలుగు నాయకులు ఏకము గావలసిన యట్టి వేళ, 1368 ప్రాంతమున రాచకొండ ప్రభువగు అనవోత నాయకునితోడి యుద్ధమున కాపయ కూలెను. పిమ్మట కొండవీటి రెడ్లతో వైరము ముదిరి, రాచకొండవారు బహమనీల మైత్రిని కోరిరి. పదునైదవ శతాబ్ది మధ్యమునకు ఆ మిత్రులే రాచకొండను మ్రింగిరి. ఇందు మతమును నిందించి ఫలము లేదు. మన యింటి చీలికయే చేటునకు మూలము.

ఆ కలహముల నడుమనే సర్వజ్ఞ సింగభూపాలుడు నాట్యశాస్త్రమున ప్రసిద్ధమైన 'రసార్ణవసుధాకరము'ను సంస్కృతమున రచించెను. నిధివేటగాండ్రు వెదకవలసిన నిధి యిదియే. దానికి గునపముతో పని లేదు.

2016లో జిల్లాలను విభజించినప్పుడు మంచాల రంగారెడ్డిలో నిలిచెను. కోట యాదాద్రి భువనగిరికి పోయెను. నాడు రాజ్యముల యెల్ల, నేడు జిల్లాల యెల్ల! ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చె నను సామెత మనకు తెలియనిది కాదు. ఆ యేడే ఒక పోలీసు కమిషనరేటునకు రాచకొండ పేరు పెట్టిరి. పేరునకు గౌరవము దక్కినది గాని, మేము పోయిన దినమున కోటవాకిట కావలివాడొక్కడును కానరాలేదు.

సర్కారు చూచుకొనునులే యని మన మూరకుండ రాదు. ఈ చుట్టుపట్టుల భూస్వాములకు మా మనవి యొక్కటి: పొలము గట్టునకు కోటరాయిని తేనీయకుడు, రాత్రివేళ గునపములతో వచ్చువారికి బండియు కూలియు ఆశ్రయమును ఈయకుడు. ఇరుజిల్లాల గ్రామ పంచాయతులును కలిసి కావలి నేర్పరుపవలెను. ఇరువురు కలెక్టరులును అందులకు తోడ్పడవలెను. పట్టణవాసులు గోలకొండను చూచి మురియుట మంచిదే. పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఆదివారము మంచాల త్రోవనుకూడ పట్టుదురు గాక! జనుల రాకపోకలు గల కోటలో దొంగ గునపము దింపుటకు జంకును. ఒకనాడు పొరుగుతో కలిసి నిలువలేక మన పెద్దలు పోగొట్టుకొన్న కోటను, నేడు పొరుగుతో కలిసి నిలిచి మనము కాపాడుకొందము.