వెల్డింగు యంత్రమునకు అప్పిచ్చుటకు ముందు

దుక్కి దినములలో కల్టివేటరు కర్రు విరిగినను, నూర్పుల వేళ ట్రాలీ కొక్కెము ఊడినను, రైతునకు పోవునది ఇనుము మాత్రమే కాదు, అదను పోవును. దగ్గర నమ్మకమైన అతుకు దొరకనిచో పూండి చుట్టుపట్ల గ్రామములవారు ఆ సామానును పలాసకో టెక్కలికో మోసికొని పోవలసినదే. కావున గ్రామమున నొక చిన్న వెల్డింగు దుకాణ ముండుట ఎరువులు, విత్తనములవలెనే వ్యవసాయమునకు అవసరమని నా యభిప్రాయము. అట్టి దుకాణము పెట్టగోరు యువకులకు సహకార సంఘములు అప్పిచ్చుట మంచిదే. అయితే ఏ యంత్రమునకు ఇచ్చుచున్నామో తెలిసి ఇయ్యవలెను. చెల్లించవలసిన వాడు అతడైనను, ఆ సొమ్ము సభ్యులెల్లరిదియు గదా!

ఇప్పుడు అంగళ్లలో ఒకే పెట్టెలో మూడు విధముల వెల్డింగు చేయు యంత్రములు వచ్చినవి. మొదటిది పూతరాడ్డు వెల్డింగు. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన 1904 సంవత్సరముననే స్వీడనులో ఎసాబ్ కంపెనీని స్థాపించిన ఆస్కార్ షెల్‌బర్గు కల్పించిన పూతరాడ్డే నేటికిని పల్లె దుకాణములకు ఆధారము. రెండవది మిగ్. ఇందు రాడ్డునకు బదులు చుట్టలోని తీగ తనంతట వచ్చుచుండును. సిలిండరులోని వాయువు అతుకునకు గాలి తగులకుండ కాపాడును. మూడవది టిగ్. ఇది ఆర్గాన్ వాయువుతో నిదానముగ, శుభ్రముగ చేయు సన్నని పని. మూడును ఒకే ధరకు వచ్చుచున్నవని వినినప్పుడు ఎవరికైనను ఆశ పుట్టుట సహజము. కాని దుకాణదారుడు పెట్టెమీది పేర్లను లెక్కించుట గాక, తన వాకిటికి వచ్చు పనులను లెక్కింపవలెను.

మన ప్రాంతమున వచ్చు పని యేది? కల్టివేటర్లు, ట్రాలీలు, బండి ఇరుసులు మొదలగు మందపు ఇనుము ఒక వంతు. గేట్లు, కిటికీ చట్రములు, రేకుల షెడ్ల పైపులు మొదలగు పలుచని ఇనుము మరియొక వంతు. పలాస జీడిపప్పు కార్ఖానాలలోని బల్లలు, పళ్లెములు మొదలగు స్టెయిన్‌లెస్ ఉక్కు పని కొందరికి మాత్రమే దొరకును. మందపు దానికి రాడ్డు, పలుచని దానికి తీగ, స్టెయిన్‌లెస్ ఉక్కునకు టిగ్ తగినవి. అల్యూమినియమును టిగ్ పద్ధతిని అతుకుటకు ఏసీ కరెంటు కావలెను. ఈ మూడువిధముల పెట్టెలలో పెక్కింటికి డీసీ మాత్రమే కలదు. అమ్మువాడు "అన్నియు అతుకును" అనినచో ఈ యొక్క ప్రశ్న వేసి చూడుడు.

ఇక కరెంటు సంగతి. 200 ఆంపియర్లతో రాడ్డు వెల్డింగు చేయునప్పుడు అతుకువద్ద సుమారు 28 వోల్టు లుండును. అనగా 5,600 వాట్లు. యంత్రములో పోవు నష్టమును చేర్చినచో లైనునుండి 6,500 వాట్లకు పైగా లాగును. ఇది ఇంటి ప్లగ్గునకు మోయరాని బరువు. 2.5 మిల్లీమీటర్ల రాడ్డునకు 70 మొదలు 100 ఆంపియర్లు, 3.15 రాడ్డునకు 90 మొదలు 130 ఆంపియర్లు సాధారణముగ చాలును. కావున సింగిల్ ఫేజు మాత్రమే గలవాడు పెద్ద అంకెలకు ఆశపడి డబ్బు పోయరాదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారి వద్ద దుకాణము పేర తగిన కనెక్షను తీసికొనిన పిమ్మటనే యంత్రము కొనవలెను. వ్యవసాయ మోటారునకని ఇచ్చిన కరెంటును దీనికి వాడుట 2003 విద్యుచ్ఛక్తి చట్టము ప్రకారము తప్పు. సంఘము అట్టి దానికి అప్పిచ్చి సభ్యుని చిక్కులలో పడవేయరాదు.

యంత్రముపై వ్రాసిన ఆంపియర్ల కంటె దాని ప్రక్కనున్న శాతము ముఖ్యము. 200 ఆంపియర్లవద్ద 60 శాతమనిన, 40 డిగ్రీల వేడిలో 10 నిమిషములకు 6 నిమిషములు పనిచేసి 4 నిమిషములు చల్లారవలెనని భావము. 20 శాతమైనచో రెండు నిమిషములే. వేసవిలో రేకుల షెడ్డు క్రింద ఆ మాత్రమును రాకపోవచ్చును. రెండు యంత్రములు ఒకే అంకెను చూపుచు, ధరలో సగము తేడా యుండుటకు తరచుగా కారణ మిదియే.

ఉద్దానమున మరి రెండు శత్రువు లున్నవి: గాలి, ఉప్పు. గంటకు 8 కిలోమీటర్లు మించిన గాలిలో మిగ్, టిగ్ వాయువు చెదరిపోయి అతుకులో బుడగలు పడును. సముద్రపుగాలి అంతకు మించుట మనకు నిత్యానుభవము. కావున మిగ్ పనికి నాలుగు గోడలు కావలెను. తోటలో చేయవలసిన పనికి రాడ్డో, వాయువు అక్కరలేని పూతతీగయో శరణ్యము. ఈ పూతతీగకు ధ్రువములు తారుమారు చేయవలసియుండును; ఆ వీలు యంత్రమున కలదో లేదో చూడవలెను. ఉప్పుతేమ ఇన్వర్టరు యంత్రముల లోపలి పలకలను తినివేయును. యంత్రమును గ్రైండరు ప్రక్క నుంచినచో ఇనుపపొడి ఫ్యానుతోబాటు లోపలికి పోవును. నెలకొకసారి పొడిగాలితో ఊదించి, రాత్రి కప్పి యుంచుట చిన్న పనియే. చేయనిచో పెద్ద ఖర్చు.

"ఇన్ని చిక్కులేల, పాత రాడ్డు యంత్రమే చాలదా?" అని పెద్దలు కొందరు అడుగుదురు. వారి మాటలో సత్యము కలదు. ఒకే పెట్టెలో మూడు పనులున్నప్పుడు ఆ పెట్టె చెడిననాడు మూడును నిలిచిపోవును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చినప్పుడు పల్లెలు దినములకొలది కరెంటు లేక చీకటిలో నుండెను. అట్టి సమయమున చిన్న జనరేటరుపై పనిచేయగల సాధారణ రాడ్డు యంత్రమే ఊరికి ఉపకారి. అయితే వ్యవసాయపు పని ఋతువునుబట్టి వచ్చును. తక్కిన నెలలలో దుకాణదారుని పొట్ట నింపునది గేట్లు, షెడ్ల పనియే. దానికి తీగ వెల్డింగు త్వరితము. చిట్టెము కొట్టు పని తక్కువ.

కావున నా సలహా యిది. రాడ్డు, తీగ రెండును బాగుగ చేయు యంత్రము కొనవలెను. టిగ్ దానితో వచ్చినచో రానిండు, దానికై అప్పు పెంచరాదు. స్టెయిన్‌లెస్ పని చేతికి వచ్చిన పిమ్మట ఆర్గాన్ సిలిండరు తెచ్చుకొనవచ్చును. ఆపదకొక చౌక రాడ్డు యంత్రము మూల నుండవలెను. కొనునప్పుడు మందపు కల్టివేటరు ముక్కను, పలుచని పైపు ముక్కను వెంట తీసికొనిపోయి, అమ్మువాని యెదుటనే అతికించి, అతుకును సుత్తితో విరిచి చూడుడు. 7018 రాడ్డు కూడ తెగక మండవలెను. బాగుచేయువారు ఎంత దూరమున నున్నారో, విడిభాగములు దొరకునో లేదో అడుగుడు.

సంఘమువారును యంత్రపు ధరకు మాత్రమే అప్పు కట్టరాదు. కేబుళ్లు, ఎర్తు, సిలిండరు, రెగ్యులేటరు, కంటి ముసుగు, తోలు చేజోళ్లు చేరనిదే అది దుకాణము కానేరదు. జింకు పూత గల పైపుల పొగ పీల్చినచో జ్వరము వచ్చును. పెట్రోలు, జీడిపిక్కల నూనె ఉండిన పీపాలను అతుకబోయిన ప్రాణమునకే ముప్పు. జీడి కార్ఖానాల బాయిలర్లను తగిన అర్హతాపత్రము లేనివారు తాకరాదు. ఈ మూడు విషయములు అప్పుపత్రముపై సంతకము చేయించునాడే చెప్పవలెను.

యంత్రము ఎన్ని విద్యలు నేర్చినదని కాదు, మన పొలము పనిని ఏ యదనున నిలబెట్టునని చూచి అప్పిత్తుముగాక. అట్లిచ్చిన అప్పు తిరిగి వచ్చును. ఊరికి ఉపకారమును మిగులును.