ప్లేటు ధర కాదు, యూనిట్ల లెక్క చూడాలి

పూతలపట్టు: బెల్లం, వేరుశనగ, మామిడి గుజ్జు బేరాలు చేసుకొనే మన వర్తకులకు హైడ్రోజన్‌తో ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని పాతదే. నూనెను వనస్పతిగా గడ్డకట్టించినది హైడ్రోజనే. ఆ పనికి తోడ్పడిన లోహం నికెల్. నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఆ వాయువును తామే తీసుకొన్న వనస్పతి మిల్లులు ఉండేవి. పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారం 1960లలో భాక్రా విద్యుత్తుతో ఈ పద్ధతినే నడిపింది. నాఫ్తా, సహజవాయువు చౌక పడటంతో ఆ పద్ధతి వెనుకబడింది.

ఇప్పుడు గిరాకీ తిరిగి వస్తున్నది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం లక్ష్యం. మన రాష్ట్రంలో పూడిమడక వద్ద హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా పథకం తలపెట్టారు.

ఈ యంత్రాలలో కీలకమైన సరకు ఎలక్ట్రోడ్ ప్లేటు. ఇందులో రెండు దారులున్నాయి. పలుచని పాలిమర్ పొరతో నడిచే యంత్రంలో ఆమ్లగుణం వల్ల ఇరిడియం, ప్లాటినం తప్పవు. సౌర విద్యుత్తు హెచ్చుతగ్గులకు అది బాగా తట్టుకొంటుందన్న వాదన నిజమే. కాని ప్రపంచం మొత్తం మీద ఏడాదికి వచ్చే ఇరిడియం ఏడెనిమిది టన్నులు; అందులో అధిక భాగం దక్షిణాఫ్రికాది. అంత కొద్ది సరకుపై ఇంత పెద్ద పరిశ్రమ నిలవదు. రెండవది కాస్టిక్ పొటాష్ ద్రావణంతో నడిచేది. దీనికి నికెల్ పూసిన ఉక్కు చాలు. మన పెట్టుబడి ఇటే మొగ్గడం మేలు.

అయితే నికెల్‌కూ తేజీ మందీలు తప్పవు. 2022 మార్చి 8న లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను లక్ష డాలర్లు దాటింది. వ్యాపారం ఆపి, ఆనాటి బేరాలను రద్దు చేశారు. గనుల ఉత్పత్తిలో సగానికి పైగా ఇండోనేషియాది. మనం దిగుమతి మీద ఆధారపడినవాళ్ళం. కనుక తక్కువ నికెల్‌తో ఎక్కువ పని చేయించడమే అసలు పొదుపు. నికెల్, అల్యూమినియం మిశ్రమాన్ని పూసి, అల్యూమినియంను క్షారంలో కరిగిస్తే పూత జల్లెడలా అవుతుంది. పనిచేసే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆక్సిజన్ వైపు ప్లేటుకు నికెల్‌తో కొంచెం ఇనుము కలిపితే కరెంటు ఆదా అవుతుంది.

చౌక ప్లేటు కొని మురిసిపోరాదు. కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 యూనిట్లు ఖర్చవుతుంది. నాసి ప్లేటు వల్ల అది 55 అయిందనుకొందాం. రోజుకు 160 కిలోలు తీసే చిన్న యంత్రానికి 800 యూనిట్లు అదనం. యూనిట్ 5 రూపాయల చొప్పున రోజుకు 4,000 రూపాయలు. 300 రోజులకు 12 లక్షలు. పైగా ఎండ ఉన్నప్పుడే నడిపి సాయంత్రం ఆపే యంత్రంలో, ఆపినప్పుడల్లా ఎదురు కరెంటు పారి పూత దెబ్బతింటుంది.

కాస్టిక్ సోడా పరిశ్రమ ఈ పాఠం ఏనాడో నేర్చుకొన్నది. అరిగిపోయే గ్రాఫైటు స్థానంలో 1960ల చివర నుంచి రుథేనియం ఆక్సైడు పూసిన టైటానియం ప్లేట్లు వచ్చాయి. ఖరీదు ఎక్కువైనా కరెంటు మిగిల్చి, ఏళ్ళ తరబడి మన్నినందువల్లే నెగ్గాయి. పూత పోతే అదే ప్లేటుకు మళ్ళీ పూస్తారు. చిన్న వర్తకులకు అవకాశం ఉన్నదీ ఇక్కడే: తిరిగి పూత వేయడం, పాత నికెల్ సేకరించడం. కరకంబాడి బ్యాటరీల పుణ్యమా అని పాత సీసం విలువ మనవారికి కొత్త కాదు.

ప్రభుత్వం రెండు పనులు చేయాలి. టెండర్లలో ప్లేటు ధరకు బదులు కిలోకు పట్టే యూనిట్లు, మన్నిక గ్యారంటీ చూసి ఎంపిక చేయాలి. చిన్న వర్క్‌షాపులు తమ ప్లేట్లను వేల గంటలు నడిపి పరీక్షించుకొనే వసతిని తిరుపతి ఐ.ఐ.టి. వంటి చోట కల్పించాలి. ఆ పరీక్ష కాగితం చూడకుండా అడ్వాన్సు ఇవ్వకపోవడం వర్తకులకు క్షేమం.