లీకేజీ చూసినవాడు ఎవరికి చెప్పాలి?

అనకాపల్లి జిల్లాలో ఫార్మా కంపెనీ అంటే ఎన్నో ఇళ్లకు నెల జీతం. ఇంటర్, డిగ్రీ, బీఫార్మసీ అయిన పిల్లలు అచ్యుతాపురం, పరవాడ బస్సులెక్కి షిఫ్టులకు వెళ్తున్నారు. ఇలాంటి ఫ్యాక్టరీల్లో మేనేజర్లు తరచూ చెప్పే మాట, 'భద్రత మీ అందరి బాధ్యత' అని. మాట మంచిదే. మరి ఆ బాధ్యత తీసుకునే వీలు కార్మికుడికి ఎంతుంది?

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. 30 మందికి పైగా గాయపడ్డారు. ఎంటీబీఈ అనే సాల్వెంట్‌ను పై అంతస్తు నుంచి కిందికి పంపుతుండగా లీకై, ఆ ఆవిరికి విద్యుత్ పానెల్ దగ్గర నిప్పంటుకుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. మర్నాడే ముఖ్యమంత్రి చంద్రబాబు వచ్చారు, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. రెండు రోజులు తిరక్కుండానే పరవాడలో మరో ఫార్మా కంపెనీలో నలుగురు కార్మికులు గాయాలపాలయ్యారు.

అంతకు రెండేళ్ల ముందు సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 2022 జూన్ 3న ఇదే అచ్యుతాపురంలో బ్రాండిక్స్ ఆవరణలోని సీడ్స్ యూనిట్‌లో విషవాయువు పీల్చి వందమందికి పైగా అస్వస్థులయ్యారు. దాదాపు అందరూ కుట్టుపని చేసుకునే ఆడపిల్లలే. దాదాపు రెండు నెలలకు, ఆగస్టు 2న, అదే యూనిట్‌లో మళ్లీ అదే జరిగింది. వీళ్లలో ఏ అమ్మాయి బాధ్యత తప్పింది? మిషన్ ముందు కూర్చుని గాలి పీల్చడం తప్ప ఆ పిల్లలు చేసిందేమిటి?

కార్మికుడి వైపు తప్పే ఉండదని కాదు. గ్లవ్స్ పక్కన పడేసేవాళ్లూ, 'ఏం కాదులే' అనేవాళ్లూ ఉంటారు. అయితే వాల్వ్ దగ్గర వాసన వస్తోందని చెప్పిన కుర్రాడికి 'ముందు బ్యాచ్ పూర్తి చెయ్, తర్వాత చూద్దాం' అన్న జవాబు వస్తే, రెండోసారి అతను నోరు విప్పడు. కాంట్రాక్టు మీద పనిచేసేవాడైతే మరీను. రేపు గేటు పాస్ ఉంటుందో ఊడుతుందో అన్న భయం. పై అధికారులు బాధ్యత నేర్పేదీ, చంపేదీ ఆ ఒక్క జవాబుతోనే.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో కొత్త సెక్షన్లు చేర్చారు. ప్రమాదకరమైన పనులుండే ఫ్యాక్టరీలో సేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం వాళ్లెందరో కార్మికుల ప్రతినిధులూ అందరే ఉండాలి. ముప్పు ముంచుకొస్తోందని అనుమానం కలిగితే కార్మికుడు మేనేజర్‌కూ, అదే సమయంలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చు. చెప్పాక వెంటనే చర్య తీసుకోవాల్సింది మేనేజర్. ఎసెన్షియా ప్రమాదం నాటికి అమల్లో ఉన్న చట్టమే ఇది. కాగితం మీద లోటేమీ లేదు.

అదే 1987లో అమెరికాలో అల్కోవా అనే అల్యూమినియం కంపెనీకి పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చారు. ఇన్వెస్టర్లతో తొలి సమావేశంలో లాభాలు వదిలేసి కార్మికుల భద్రత గురించి మాట్లాడితే వాళ్లు బిత్తరపోయారు. మేనేజర్లు పట్టించుకోకపోతే నాకే చెప్పండంటూ కార్మికులకు తన ఇంటి ఫోన్ నంబరు ఇచ్చాడాయన. ఎవరికైనా గాయమైతే 24 గంటల్లో తనకు తెలియాలన్నాడు, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో కూడా చెప్పాలన్నాడు. తర్వాత గాయాలు బాగా తగ్గాయి, లాభాలూ పెరిగాయి.

మన దగ్గర ఎంతమంది యజమానులు తమ నంబరు ఆపరేటర్‌కు ఇస్తారో గానీ, ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. షిఫ్టు దిగి వచ్చిన అబ్బాయినో అమ్మాయినో అడగండి: 'మీ సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫున ఎవరున్నారు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?' పేరు తెలియదంటే, రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు కనుక్కుని రమ్మనండి.