మన ఇంటి దీపానికి పెత్తనం ఎవరిది?

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో లైటు వెయ్యడానికి ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్ ఒప్పుకోవాలంటే, ఆ లైటు మనది కాదు. కట్టిన డబ్బు మాత్రమే మనది.

గట్టిగా అన్నానా? అది ఎలా పని చేస్తుందో చూడండి. మీరు సోఫాలో కూర్చుని యాప్ నొక్కుతారు. చాలా స్మార్ట్ ప్లగ్గుల్లో ఆ మాట నేరుగా గోడ దగ్గరికి వెళ్లదు. ముందు కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది, అక్కడినుంచి తిరిగి మీ ఇంటికి వస్తుంది. ఇక్కడ అమెరికాలో పక్కగదిలో ఉన్న మనవణ్ణి పిలవడానికి అమలాపురం ఫోన్ చేసి, అక్కడివాళ్లచేత పిలిపించినట్టు!

ఆ సర్వర్ ఆగిపోతే? ఇది ఊహ కాదు, జరిగింది. రివాల్వ్ అనే హబ్ ధర సుమారు 300 డాలర్లు. గూగుల్‌వాళ్ల నెస్ట్ 2014లో ఆ కంపెనీని కొన్నది, 2016 మేలో ఆ సేవ ఆపేసింది. కొన్నవాళ్ల దగ్గర పెట్టె మిగిలింది, పని మిగల్లేదు. 2021 డిసెంబర్ 7న అమెజాన్ క్లౌడ్‌కి అంతరాయం వచ్చింది. రింగ్ డోర్‌బెల్, రూంబా యాప్‌లు చాలామందికి పలకలేదు. మన ఇల్లు ఊడవడానికి వర్జీనియాలో కంప్యూటర్ బాగుండాలా? 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. అప్పుడు కూడా హోమ్ అసిస్టెంట్ లాంటి ప్రోగ్రామ్‌ని తమ ఇంటి కంప్యూటర్‌లోనే పెట్టుకున్నవాళ్లు లైట్లు వేసుకోగలిగారు. ఎందుకంటే వాళ్ల మాట ఇల్లు దాటి వెళ్లలేదు.

అందుకే నేను కమాండ్ లైన్ వైపు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. టాస్మోటా అనే ప్రోగ్రామ్ ఉన్న ప్లగ్‌కి మన ఇంటి నెట్‌వర్క్‌లో ఒక అడ్రస్ ఉంటుంది. కర్ల్ అనే చిన్న కమాండ్‌తో ఆ అడ్రస్‌కి "పవర్ ఆన్" అని ఒక్క లైను పంపితే లైటు వెలుగుతుంది. అకౌంట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ పోయినా ఫరవాలేదు, ఇంట్లో రూటర్ నడుస్తుంటే చాలు. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జ్ కూడా ఇంట్లోనుంచే మాట వింటుంది. మొదటిసారి మాత్రం దాని మీద ఉన్న బటన్ నొక్కాలి. నాకు నచ్చింది అదే. అనుమతి ఇచ్చేది మన వేలు.

రోజూ ఒకే టైముకి లైటు వెలగాలంటే క్రాన్ ఉంది. పంచాంగానికి ఐదు అంగాలు కదా: తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. క్రాన్‌కి కూడా ఐదే: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. పంచాంగం చూడటం వచ్చినవాళ్లకి క్రాన్ ఏం కష్టం?

నేను గుడిలో వాలంటీర్‌ని. అక్కడ నా వయసువాళ్లు అంటారు, "ఈ వయసులో ఇదంతా ఎందుకండీ, స్పీకర్‌తో మాట్లాడితే సరిపోదా?" అని. సరే, మాట్లాడదాం. కానీ ఏ భాషలో? తెలుగు నేర్పాలని పిల్లల్ని ఆదివారం క్లాసుకి తీసుకొస్తాం. ఇంటికి వెళ్లి లైటుతో ఇంగ్లీషులో మాట్లాడతాం.

నా లినక్స్ కంప్యూటర్‌లో కమాండ్‌కి తెలుగు పేరు పెట్టుకోవచ్చు. ఆ పొడుగు లైనుని ఒక ఫైలులో రాసి, "దీపం" అని పేరు పెట్టాను. ఆ మాట టైప్ చేస్తే హాల్లో లైటు వెలుగుతుంది. ఆర్పడానికి పెట్టిన పేరు "కొండెక్కు". మన పెద్దవాళ్లు దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, ఒత్తులు అరవై దాటాక నేర్చుకున్నాను. దీపానికి వత్తి ఎంతో, అక్షరానికి ఒత్తు అంత. "కొండెకు" అని కొడితే లైటు ఆరదు. టీచర్ జాలిపడి మార్కులు వేస్తారేమో, కంప్యూటర్ వెయ్యదు!

"అందరికీ ఇది రాదు కదా" అంటారు. నిజమే. ఇంటికి ఒక్కరికి వస్తే చాలు. మిగతావాళ్లకి గోడమీద స్విచ్ ఉండనివ్వండి, దాన్ని ఎప్పుడూ తీసెయ్యకండి. ప్లగ్ అడ్రస్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి. స్టవ్ జోలికి అసలు వెళ్లకండి. ఈ జాగ్రత్తలు కావాలి. కానీ జాగ్రత్త కావాలి కాబట్టి ఇంటి పెత్తనం కంపెనీకి ఇచ్చేద్దాం అంటే నేను ఒప్పుకోను.

ఈసారి షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "ఇంటర్నెట్ లేకపోతే ఇది పని చేస్తుందా?" లేదు అంటే పెట్టె మళ్లీ షెల్ఫ్‌లో పెట్టెయ్యండి. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటి సంగతి కావాలంటే, ఒక ఆదివారం రూటర్‌కి వచ్చే ఇంటర్నెట్ వైరు తీసి చూడండి. ఏ లైటు మీ మాట వింటుందో, ఏది కంపెనీ మాట వింటుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.