టోటో పిల్లలకు టోటోలోనే తొలి పాఠాలు చెప్పించాలని వినతి

పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి గారికి ఖరగ్‌పూర్ తెలుగువారు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

2020 డిసెంబరులో తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చేందుకు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రైలు పనులకొచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలకు చెందిన మాకు అది పెద్ద ఊరట. ఈసారి అడిగేది మా కోసం కాదు. ఇక్కడ తెలుగు తగ్గినా, దాన్ని మాట్లాడే రాష్ట్రాలు రెండున్నాయి. అలీపుర్‌దువార్ జిల్లాలో, భూటాన్ సరిహద్దున ఉన్న టోటోపాడాలో టోటో మాట పోతే దానికి మరో ఊరు లేదు. అది మాట్లాడే టోటో తెగ జనం సుమారు 1,600 మంది.

అక్కడి పిల్లలు ఇంట్లో టోటో మాట్లాడి బడికెళ్తే పలక మీద కనబడేది బెంగాలీ. వీధిలో వినబడేది ఎక్కువగా నేపాలీ. లిపి లేదనే సాకు ఇక చెల్లదు. ధనీరామ్ టోటో గారు 2015లో లిపి రూపొందించారు. 2021లో అది యూనికోడ్‌లో చేరింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. టోటోలో ఊపిరి కలిపి పలికే అచ్చులు వేరుగా ఉన్నాయి. బెంగాలీ అక్షరాల్లో వాటికి గుర్తుల్లేవు, ఈ లిపిలో ఉన్నాయి. సన్మానం జరిగింది, సంతోషమే. కానీ ఆ అక్షరాలు వాచకంలోకి ఎక్కాలి కదా!

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతోంది. కనుక ఒకటి, రెండు తరగతులకు టోటో వాచకాలు అచ్చు వేయించండి. పక్కనే బెంగాలీ పాఠమూ ఉండనివ్వండి, దాన్ని తీసేయమని మేం అనడం లేదు. చెప్పడానికి టోటో యువతీయువకులనే నియమించండి. వానాకాలంలో తీతీ, బాంగ్రీ, హౌరీ వాగులు పొంగితే మదారీహాట్ నుంచి దారి తెగిపోతుంది. బయటి నుంచి వచ్చే పంతులు ఆ రోజుల్లో బడికి చేరలేరు. అందుకే ఆ వాగులు దాటేందుకు అన్ని కాలాల్లోనూ పనికొచ్చే దారినీ ఇదే వినతిలో అడుగుతున్నాం.

ఇంకో మనవి: పదివేల మందికన్నా తక్కువ మాట్లాడే భాషల పేర్లు జనగణన పట్టికల్లో విడిగా రావు, ‘ఇతరాలు’లో కలిసిపోతాయి. టోటో లెక్కను వేరుగా ప్రకటించమని కేంద్రానికి రాష్ట్రం తరఫున లేఖ రాయండి. దీనికి ఖర్చేమీ లేదు.

జనవరిలో కొత్త విద్యా సంవత్సరం మొదలవుతుంది. వాచకాలు ఆలోపే పిల్లలకు అందేలా పాఠశాల విద్యాశాఖను ఆదేశించాలని ప్రార్థన.

ఇట్లు,
ఖరగ్‌పూర్ తెలుగు పౌరులు