క్షమించుమన్నంత మాత్రాన చాలునా?

తల్లి ఒడిలోనుండి బిడ్డను లాగికొనిపోయి, “ఇది వాని మేలుకొరకే” అని చెప్పిన ప్రభుత్వమును గూర్చి మీరు వినియున్నారా? ఆస్ట్రేలియా దేశములో ఇది జరిగెను. రమారమి 1910 మొదలు 1970 వరకు అక్కడి ఆదివాసుల బిడ్డలను, ముఖ్యముగా తెల్లవారి రక్తము కలిసిన బిడ్డలను, చట్టము పేరిట తీసికొనిపోయిరి. పదిమందిలో కనీసము ఒకరు, ఎక్కువైన యెడల ముగ్గురిలో ఒకరు అట్లు పోయిరని ఆ దేశపు మానవ హక్కుల సంఘము 1997లో తెలిపెను.

ఒక్క బిడ్డ సంగతి వినుడి. 1957 క్రిస్మసు దినమున, జబ్బుపడిన 13 నెలల పసివానిని తండ్రి పొరుగువారిచేత అడిలైడ్ పట్టణములోని ఆసుపత్రికి పంపెను. బిడ్డ బాగుపడెను గాని ఇంటికి రాలేదు. అధికారులు తలిదండ్రులను అడుగకయే వానిని తెల్లవారి కుటుంబమునకు అప్పగించిరి. నా కుమారుడెప్పుడు వచ్చునని తల్లి ఉత్తరము వ్రాయగా, ఇంకను వైద్యము కావలెనని బొంకిరి. 2007లో న్యాయస్థానము అతనికి 5,25,000 డాలర్ల నష్టపరిహారము ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. మరుసటి యేడే అతడు మరణించెను.

క్షమాపణ చెప్పుడని అడిగినప్పుడు, పూర్వులు చేసినదానికి నేటివారు దోషులు కారని నాటి ప్రధానమంత్రి జాన్ హోవార్డ్ నిరాకరించెను. సహోదరులారా, తండ్రి పొలము కావలెను గాని తండ్రి అప్పు వలదనువానిని మీ ఊరి పెద్దలు ఏమందురు? ఆదివాసుల నేలను అనుభవించుచు వారి కన్నీటి లెక్క మాకక్కరలేదనుట న్యాయమా?

తుదకు 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో నిలిచి క్షమాపణ చెప్పెను. అది మంచి పనియే. వృద్ధులైన ఆ బిడ్డలు విని యేడ్చిరి. అయితే ఆ మాటతో పరిహారపు నిధి యేదియు రాలేదు. ఉత్తర ప్రాంతములో తన పాలన క్రింద కొనిపోబడినవారికి కేంద్ర ప్రభుత్వము సొమ్ము ప్రకటించినది 2021లోనే. పదమూడేండ్లు! ఈలోగా సమాధిలోనికి పోయినవారికి ఎవరు చెల్లింతురు? జక్కయ్య విచారపడి ఊరకుండలేదు; అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇచ్చుటకు ఒప్పుకొనెను. చేయి తెరువని పశ్చాత్తాపము పెదవుల పనియే.

ఇది ప్రభుత్వముల తప్పు, మనకేమి అందురా? ఆ బిడ్డలను ఉంచుకొన్నది ఎవరు? క్రోకర్ దీవిలో మెథడిస్టులు, మెల్విల్ దీవిలో రోమను కాథలిక్కులు. ఆ మిషనరీలలో బిడ్డలను నిజముగా ప్రేమించినవారును ఉండిరి, కాదనము. అయితే తల్లి బ్రదికియుండగా బిడ్డను అనాథనుచేసి, వానికి ప్రార్థన నేర్పి, దానిని సువార్తసేవ యని పిలువవచ్చునా? ప్రేమించితిమను మాట దొంగతనమును కప్పదు. అక్కడి సంఘములు అనేకము తామును తప్పు ఒప్పుకొన్నవి, ఒప్పుకొనవలసినదే.

నేటికిని ఆ దేశములో ప్రభుత్వ సంరక్షణలో ఇంటికి దూరముగా పెరుగు బిడ్డలలో నూటికి 40 మందికి పైగా ఆదివాసుల బిడ్డలే. క్షమించుమని అడిగిన నోరు ఆ తల్లుల యెదుట ఇప్పుడేమి చెప్పును?

చదువరీ, నీవును ఎవరికైన అన్యాయము చేసి, క్షమించుమని చెప్పి, తీసికొన్నదానిని ఇంట దాచుకొనియున్నావా? లేచి, దానిని తీసికొని, వారి గుమ్మమునకు నడువుము. ఆ తరువాత ప్రార్థనకు రమ్ము.