మీ టార్చి ఎక్కడుంది?

టార్చిలైటు మీద కూడా వ్యాసమా అని మా వారు నవ్వారు. ఆయన నవ్వగలరు. చాలా ఏళ్ళు మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి టార్చి ఆయన బండి డిక్కీలోనే ఉండేది మరి!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం విశాఖపట్నంలో ఉన్నాం. ఆయన డ్యూటీలో చిక్కుబడిపోయారు. ఇంట్లో నేనూ, మా అత్తయ్యా, ఏడాది నిండని పాపా. కరెంటు లేదు. కిటికీ అద్దం పగిలి గదంతా గాజుపెంకులు. చీకటి పడ్డాక బీరువా మీదున్న పాత టార్చి తీస్తే వెలగలేదు. మూత విప్పి చూద్దును కదా, సెల్స్ ఎప్పుడో కారిపోయి స్ప్రింగు తుప్పు పట్టేసింది. ఫోను లైటు వేసుకునే పాపకి పాలు కలిపాను. తెల్లారేసరికి ఫోనూ చచ్చింది. సిగ్నలు వచ్చినా, ఆయన ఎలా ఉన్నారో కనుక్కునే దారి లేకుండా పోయింది.

అందుకే ఫోన్లో లైటుంది కదా అంటే నేను ఒప్పుకోను. ఆపదలో ఫోను మాట్లాడ్డానికి మిగలాలి.

మన ఇళ్ళల్లో టార్చి కొనేది ఎక్కువగా మగవాళ్ళు. చీకట్లో లేచి వంటింట్లోకీ పెరట్లోకీ వెళ్ళేది మనం. వానాకాలంలో కట్లపాము రాత్రిపూట ఇళ్ళల్లోకే వస్తుంది. కాలు పెట్టే చోటు కనబడడం చిన్న విషయమా? షాపువాడు మాత్రం వెలుగు ఎంత దూరం పోతుందో చెప్పి మురిసిపోతాడు. మన హాల్లో అంత దూరం ఎక్కడుందండీ! దగ్గర్లో వెడల్పుగా పరుచుకునే వెలుగు కావాలి. ఇంటికి వంద ల్యూమెన్ల ఎల్‌ఈడీ టార్చి చాలు. అంతకన్నా ఎన్ని గంటలు వెలుగుతుందో అడగండి. ఛార్జింగు టార్చి మంచిదే. కానీ నెలల తరబడి మర్చిపోతే అవసరానికి మొండికేస్తుంది. కాబట్టి సెల్స్ వేసేది ఒకటి విడిగా ఉండాలి. సెల్స్ మాత్రం అందులో వేసి వదిలెయ్యకుండా, పక్కనే కవర్లో పెట్టండి. పాతదీ కొత్తదీ కలిపి వెయ్యకండి. అన్నిటికన్నా ముఖ్యం, దాని చోటు ఇంట్లో అందరికీ తెలియాలి. మా ఇంట్లో ఇప్పుడు వంటింటి తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. తీసినవాళ్ళు మళ్ళీ అక్కడే తగిలించాలి, మా వారైనా సరే.

బండికైతే తలకి పెట్టుకునే టార్చి హాయి. స్టెప్నీ మార్చాలంటే రెండు చేతులూ కావాలి కదా. ఛార్జింగుదైతే ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, ఆ వేడికి బ్యాటరీ పాడవుతుంది. హ్యాండుబ్యాగులో వేసుకోండి.

ఇక ఆత్మరక్షణ సంగతి. షాకు కొట్టే టార్చిలని అమ్ముతున్నారు. వాడికి తగిలించాలంటే మనం వాడి దగ్గరికి వెళ్ళాలి. దగ్గరికి రాకూడదనే కదా మన బాధంతా! చీకట్లో హఠాత్తుగా కళ్ళల్లోకి గట్టి వెలుగు కొడితే ఎదుటివాడికి కొన్ని క్షణాలు ఏమీ కనబడదు. ఆ క్షణాల్లో పోట్లాటకి దిగకండి. జనం ఉన్నవైపు అరుస్తూ పరుగెత్తండి, 112కి ఫోను చెయ్యండి. పట్టపగలు ఈ ఉపాయం పనిచెయ్యదు. బటను వేలికి తెలియాలి. బ్యాగు అడుగున వెతుక్కునే టార్చి ఉన్నా లేనట్టే.

ఇంత చెప్పినా నాకో కోపం మిగిలే ఉంది. టార్చి కొనుక్కోండమ్మా అని మనకి చెప్పేసి వీధిలైటు సంగతి వదిలేస్తే ఎలా? మా వీధి మలుపులో స్తంభానికి దసరా నుంచీ లైటు లేదు. ట్యూషను నుంచి ఆడపిల్లలు ఆ మలుపులోంచే రావాలి. ఫోన్లో ఫిర్యాదు చేస్తే “చూస్తామమ్మా” అన్నారు, అంతే. మొన్న తొమ్మిదిమందిమి కలిసి అర్జీ రాశాం. అందరూ ఇంటి పనులు ముగించుకుని వచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. ఆ స్తంభం కిందే నిలబడి సంతకాలు పెట్టాం. టార్చి నేను పట్టుకున్నాను.